తెల్లకణాల కథలో మన సుబ్బారావు

మన చిట్యాల చుట్టుపక్కల ఉబ్బసాన్ని ఆ పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. దమ్ము అంటారు. దమ్ము లేచింది, దమ్ము పట్టింది, రాత్రంతా కూసోనే తెల్లారింది అంటారు. మృగశిర కార్తె వచ్చిందంటే చేప మందు కోసం హైదరాబాదు బస్సెక్కేవాళ్ళు మన ఊళ్ళల్లో ఎప్పుడూ ఉన్నారు. ఆ మందుతో జబ్బు తగ్గుతుందని శాస్త్రీయంగా ఎవరూ నిరూపించలేదు. అయినా జనం ఎందుకు పోతారు? ఊపిరాడని మనిషికి ఆశే సగం మందు కాబట్టి పోతారు. అంతమాత్రాన వాళ్ళను నవ్వడం తగదు. ఆ దమ్ము వెనుక ఏముందో తెలుసుకోవడం, తెలిసినంత వాళ్ళకు చెప్పడం చదువుకున్నవాళ్ళ పని.

దమ్ము వెనుక ఉన్నవాటిలో ముఖ్యమైనవి మన రక్తంలోని కొన్ని తెల్లకణాలు. వాటిని అదుపు చేసే మందుల చరిత్రలో ఒక తెలుగువాడి పేరు పదే పదే వస్తుంది. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. పాఠ్యపుస్తకంలో ఒక పేరాగా చదివి, పరీక్ష కాగానే మరిచిపోయే పేరు కాదది. ఆయన జీవితాన్ని ఈసారి తెల్లకణాల వైపు నుంచి చూద్దాం.

బాల్యం, చదువు

సుబ్బారావుగారు 1895 జనవరి 12న పశ్చిమగోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ ఇబ్బందే. చదువు మీద కూడా మొదట్లో ఆయనకు పెద్ద మనసు లేదు. చిన్నతనంలో డబ్బు సంపాదిద్దామని కాశీకి ప్రయాణమై ఇల్లు వదిలిపోతే తల్లి వెనక్కి రప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ఈలోగా తండ్రి పోయారు. తల్లి నగలు అమ్మి చదివించింది.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ పూర్తయ్యాక సన్యాసం పుచ్చుకొని రామకృష్ణ మిషన్‌లో చేరదామనుకున్నారు. తల్లి ససేమిరా అన్నది. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అక్కడి ఖర్చులకు స్నేహితులు కొంత, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత ఆదుకున్నారు. 1919లో ఆ సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో ఆయన వివాహమైంది.

అవి గాంధీజీ పిలుపు దేశమంతా మారుమోగుతున్న రోజులు. సుబ్బారావుగారు ఖద్దరు తొడుక్కొని ఆపరేషన్ థియేటరుకు వెళ్ళారు. శస్త్రచికిత్స చెప్పే ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. మిగతా పేపర్లలో బాగా రాసినా ఫలితం ఏమిటంటే, ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రావలసిన చేతికి ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టా వచ్చింది. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించే పని దొరికింది. ఇంగ్లీషు వైద్యం చదివిన మనిషి ఆయుర్వేదం పిల్లలకు ఎముకలు, నరాలు చెప్పుకుంటూ, ఆ వైద్యంలోని మూలికలను కూడా శ్రద్ధగా గమనించారు.

ఆ రోజుల్లోనే ఇంటిమీద పెద్ద దెబ్బ పడింది. అన్నగారు పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్న తిండి ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం పాలిపోతుంది, మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. సుబ్బారావుగారికి కూడా ఆ జబ్బు సోకితే లక్ష్మీపతిగారి వైద్యంతో బయటపడ్డారు. వైద్యం చదివి కూడా అన్నదమ్ములను దక్కించుకోలేకపోయిన ఆ బాధే ఆయనను పరిశోధన వైపు తోసిందని ఆయన జీవితం రాసినవాళ్ళంతా చెప్తారు.

హార్వర్డులో పదిహేడేళ్ళు

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం, మామగారి సహాయం కలిసి ఆయనను ఓడ ఎక్కించాయి. 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. భార్య గర్భవతి. పుట్టిన బిడ్డను ఆయన కళ్ళారా చూడనేలేదు. ఆ పసివాడు ఏడాది నిండకుండానే పోయాడు. సుబ్బారావుగారు మళ్ళీ ఇండియాకు రాలేదు. శేషగిరిగారు ఎదురుచూస్తూనే ఉండిపోయారు. ఆయన గొప్పతనం గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ ఖరీదును, దాన్ని చెల్లించిన ఇల్లాలిని మరిచిపోగూడదు.

హార్వర్డులో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేశారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట నౌకరుగా మలమూత్ర పాత్రలు కడిగారు. తర్వాత జీవరసాయన శాఖలో చేరి సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి అని మన ప్రయోగశాలల్లో తరతరాల విద్యార్థులు చేసిన పరీక్ష ఇదే. ఆ కొలత చేతికి వచ్చాక 1927లో కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. బయటపడ్డాయి. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. ప్రతి జీవకణం ఖర్చుపెట్టే నాణెం ఎ.టి.పి. మనం నడిచినా, నవ్వినా, దమ్ముతో రొప్పినా ఖర్చయ్యేది అదే.

1930లో పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. త్వరలోనే అక్కడి పరిశోధనకంతా డైరెక్టరయ్యారు. పెద్ద విశ్వవిద్యాలయం వదులుకున్న మనిషి మందుల కంపెనీలో ఎనిమిదేళ్ళలో చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఫోలిక్ ఆమ్లం నుంచి తెల్లకణాల దాకా

1930 దశకం మొదట్లో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు గర్భిణీ స్త్రీలలో ఒక రకం రక్తహీనతను గమనించారు. ఈస్టు సారంలో ఉన్న ఏదో పదార్థం దాన్ని తగ్గిస్తున్నది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దాన్ని వేరుచేసి, నిర్మాణం తేల్చి, 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసినది సుబ్బారావుగారి బృందం. అది స్ప్రూ రోగులకు కూడా గుణమిస్తుందని వెంటనే తెలిసింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు దొరికింది. అప్పటికి వాళ్ళు పోయి పాతికేళ్ళు దాటింది.

ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణాలు విభజన చెందలేవు. తెల్లకణాలు పిచ్చిగా పెరిగిపోయే జబ్బు ల్యుకేమియా. అట్లాంటప్పుడు ఫోలిక్ ఆమ్లంలా కనిపించి, దాని పని చేయని నకిలీ పదార్థాన్ని ఇస్తే ఆ పెరుగుదల ఆగదా? బోస్టన్‌లో పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఆలోచన ఇది. అందుకు కావలసిన అమినోప్టెరిన్ అనే నకిలీని లెడర్లీలో సుబ్బారావుగారి బృందం తయారుచేసి ఇచ్చింది. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. ల్యుకేమియా మందుకు లొంగుతుందని లోకం చూడటం అదే మొదలు. అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. ఈనాటికీ ల్యుకేమియాకు, కీళ్ళవాతానికి వాడుతున్న మందు అది.

ఈ మెథోట్రెక్సేట్ ఉబ్బసం దాకా వచ్చింది. తీవ్రమైన ఉబ్బసంతో రోజూ స్టెరాయిడ్ మాత్రలు మింగవలసిన రోగులకు దీన్ని కొద్ది మోతాదులో ఇస్తే స్టెరాయిడ్ తగ్గించవచ్చని 1988లో అమెరికాలో ఒక పరిశీలన వచ్చింది. తర్వాతి పరిశీలనల్లో ఆ లాభం కొంచెమేననీ, దుష్ఫలితాల బాధ ఉందనీ తేలడంతో అది మామూలు చికిత్స కాలేదు. సుబ్బారావుగారి రెండో మందు మాత్రం మన దేశంలో ఒక రకం దమ్ముకు అసలైన మందయి కూర్చున్నది. దాని సంగతి చెప్పాలంటే ముందు ఆ తెల్లకణం గురించి చెప్పాలి.

ఇస్నోఫిల్ అనే కణం

రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే తెల్లకణాల్లో కొన్నింటి కడుపు నిండా నారింజ-ఎరుపు గింజలు కనబడతాయి. ఇయోసిన్ అనే రంగును ఇష్టంగా పీల్చుకుంటాయి కాబట్టి 1879లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ వీటికి ఇయోసినోఫిల్ అని పేరు పెట్టారు. మనవాళ్ళ నోట్లో ఇస్నోఫిల్ అయింది. అవి ఎక్కువైతే ఇస్నోఫిలియా. ఘన మిల్లీమీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు సుమారు 4,000 నుంచి 11,000 ఉంటే, వాటిలో ఇస్నోఫిల్స్ మామూలుగా 500 దాటవు.

ఈ కణం ఎముక మూలుగలో పుట్టి, కొద్ది గంటలు రక్తంలో తిరిగి, తర్వాత పేగులు మొదలైన చోట్లకు చేరుతుంది. పురుగులతో పోరాడటం దీని వృత్తుల్లో ఒకటి. దాని గింజల్లో విషంలాంటి మాంసకృత్తులు ఉన్నాయి. పురుగు మీద పోస్తే మంచిదే. ఉబ్బసంలో ఏమవుతుందంటే, దుమ్ముకో పుప్పొడికో రెచ్చిపోయిన లింఫోసైట్లు ఇంటర్‌ల్యూకిన్-5 అనే కబురు పంపుతాయి. మూలుగ ఇస్నోఫిల్స్‌ను గుంపులుగా పంపిస్తుంది. అవి శ్వాసనాళాల గోడల్లో చేరి, పురుగు లేనిచోట తమ విషాన్ని కక్కుతాయి. లోపలి పొర దెబ్బతింటుంది, తెమడ పెరుగుతుంది, నాళాల కండరాలు బిగుసుకుంటాయి. మనిషి పిల్లికూతలు పెడతాడు. కావలి కోసం పెట్టిన కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్లన్నమాట.

ఉబ్బసం ఉన్న ప్రతి నూరుమందిలో 5 నుంచి 10 మందికి అది తీవ్రరూపంలో ఉంటుందని అంచనా. ఎంత మందు పీల్చినా అదుపు కాదు. అట్లాంటివాళ్ళలో కొందరికి ఇస్నోఫిల్స్ తగ్గవు. మరికొందరిలో న్యూట్రోఫిల్స్ అనే వేరే తెల్లకణాలు నాళాల్లో మోహరిస్తాయి. వీళ్ళకు స్టెరాయిడ్లు అంతగా పనిచేయవు. అందువల్ల దమ్ము ఒకటే అయినా దాని వెనుక కణం ఒకటే కాదు. ఏ కణమో తెలిస్తేనే మందు తెలుస్తుంది. ఇంటర్‌ల్యూకిన్-5 కబురును మధ్యలోనే ఆపే మెపోలిజుమాబ్ అనే సూదిమందు 2015లో అమెరికాలో అనుమతి పొందింది. గుణం బాగానే ఉంది, ధర మాత్రం సామాన్యుడికి అందదు.

మదనపల్లె నుంచి వెల్లూరు దాకా

ఇక మన దేశపు దమ్ముకు వద్దాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయరోగుల శానిటోరియం ఉంది. అక్కడికి వచ్చిన కొందరు రోగులు డాక్టర్లను తికమక పెట్టారు. రాత్రిపూట దగ్గు, కొద్దిపాటి జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చలు. అన్నీ క్షయలాగే ఉన్నాయి. తెమడలో మాత్రం క్షయ క్రిమి లేదు. రక్తం చూస్తే ఇస్నోఫిల్స్ విపరీతం. ఇది క్షయ కాదు, క్షయలా నటించే వేరే జబ్బు అని ఫ్రిమోట్-మోలర్, బార్టన్ అనే ఇద్దరు వైద్యులు 1940లో ప్రకటించారు. 1943లో వైన్‌గార్టెన్ అనే వైద్యుడు ఇట్లాంటి రోగులను 81 మందిని వర్ణించి, దీనికి ట్రాపికల్ ఇస్నోఫిలియా అని పేరు పెట్టారు. పాషాణం కలిసిన సూదిమందుతో కొంత తగ్గుతున్నదని కూడా చెప్పారు. కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

అదే కాలంలో పసిఫిక్ దీవుల్లో యుద్ధం చేస్తున్న అమెరికా సైనికులకు బోదకాలు పురుగు సోకింది. దానికి మందు కావాలి. లెడర్లీలో సుబ్బారావుగారి నాయకత్వంలో రసాయన శాస్త్రవేత్తలు రకరకాల పదార్థాలు తయారుచేస్తే, హెవిట్ అనే పరాన్నజీవి శాస్త్రవేత్త వాటిని పత్తి చేల ఎలుకల మీద పరీక్షించారు. పిపరజిన్ జాతికి చెందిన ఒక పదార్థం నెగ్గింది. 1947లో హెట్రజాన్ అనే పేరుతో లోకానికి వచ్చింది. డైఇథైల్‌కార్బమజిన్, పొట్టిగా డి.ఇ.సి. మన మందుల షాపుల్లో బానోసైడ్ అని అడిగితే ఇచ్చేది ఇదే. నోటితో మింగే మాత్రతో బోదకాలు పురుగు పిల్లలను రక్తంలోంచి తొలగించడం అప్పటిదాకా కుదరని పని.

ఆ మరుసటి ఏడే, 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో సుబ్బారావుగారు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. లెడర్లీలో ఆయన నాయకత్వంలో డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త మట్టిలోంచి తీసిన ఆరియోమైసిన్ కూడా ఆ ఏడాదే బయటికి వచ్చింది. పాతికేళ్ళకు పైగా అమెరికాలో ఉండి కూడా ఆ దేశపు పౌరసత్వం ఆయన తీసుకోలేదు.

హెట్రజాన్ కథ మాత్రం ఆయనతో ఆగలేదు. 1950 దశకంలో బోదకాలు మందును ట్రాపికల్ ఇస్నోఫిలియా రోగులకు ఇచ్చి చూశారు. వారం పది రోజుల్లో దగ్గు, పిల్లికూతలు తగ్గాయి. ఇస్నోఫిల్స్ దిగివచ్చాయి. పాషాణంతో పనిలేకుండా పోయింది. సింగపూర్‌లో దనరాజ్ అనే వైద్యుడు 1958లో దీన్ని వివరంగా నిరూపించారు. పురుగు మందుకు దమ్ము తగ్గిందంటే ఆ దమ్ముకు మూలం పురుగే అయివుండాలి. మరి రక్తంలో ఎంత వెతికినా పురుగు పిల్లలు కనిపించవేం? 1960లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు రోగుల ఊపిరితిత్తుల ముక్కలను పరీక్షించి, అక్కడ పురుగు పిల్లలను చూపించారు. దోమ ద్వారా ఒంట్లోకి వచ్చిన పురుగు కనే పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. వాటిని చంపబోయి ఇస్నోఫిల్స్ ఊపిరితిత్తినే గాయపరుస్తాయి. రక్తంలో కనపడకపోవడానికి కారణం అదే.

తాను తయారుచేయించిన బోదకాలు మందు ఒక రకం దమ్మును కుదుర్చుతుందని సుబ్బారావుగారికి తెలియదు. తెలిసే లోపలే వెళ్ళిపోయారు.

మనకేమిటి?

నల్లగొండ జిల్లా బోదకాలు ఉన్న జిల్లాల్లో ఒకటి. మురుగునీళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమకు మన ఊళ్ళల్లో కొదవ లేదు. 2004 నుంచి దేశమంతటా సాగిన కార్యక్రమంలో మన పల్లెల్లో కూడా ఇంటింటికీ బోదకాలు మాత్రలు పంచారు. చాలామంది వాటిని తీసుకొని గూట్లో పెట్టి మరిచిపోయారు. భీమవరంలో పుట్టిన మనిషి పెర్ల్ రివర్‌లో చేయించిన మందు చిట్యాల గడపదాకా వచ్చి గూట్లో పడి ఉండటం మన తప్పే. ఏడాదికొకసారి ఒక్క మోతాదు వేసుకునే ఆ మాత్ర బోదకాలు వ్యాపించకుండా ఆపడానికి. ట్రాపికల్ ఇస్నోఫిలియా వచ్చినవాళ్ళు మాత్రం డాక్టరు చెప్పిన లెక్కన రెండు మూడు వారాలు వరుసగా వాడాలి.

దీన్ని గుర్తుపట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రాత్రిపూట ఎక్కువయ్యే దగ్గు, పిల్లికూతలు వారాలతరబడి పోకపోతే ఒక రక్తపరీక్ష చాలు దారి చూపడానికి. మామూలు ఉబ్బసంలో ఇస్నోఫిల్స్ కొంత పెరుగుతాయి. ఈ జబ్బులో 3,000 దాటిపోతాయి. ఆ పరీక్ష చేయించకుండా దమ్ము మాత్రలని ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ మింగితే కొన్నాళ్ళు హాయిగానే ఉంటుంది. స్టెరాయిడ్ ఆ కణాల లెక్కను కూడా తగ్గిస్తుంది కాబట్టి అసలు జబ్బు కప్పుబడిపోతుంది. లోపల పురుగు అట్లాగే ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఊపిరితిత్తి గట్టిపడి, ఇక ఏ మందుకూ మెత్తబడదు. ఉబ్బసమని ఏండ్లు బాధపడటానికీ, మూడు వారాల్లో బాగుపడటానికీ మధ్య తేడా ఒక్కోసారి ఆ ఒక్క పరీక్షే. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయని క్షయ మందులు నెలలతరబడి మింగినవాళ్ళు కూడా ఉన్నారు.

మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడు, తక్కువ పట్టా పుచ్చుకున్నవాడు, పెద్ద విశ్వవిద్యాలయం కాదన్నవాడు సుబ్బారావుగారు. మార్కుల జాబితా చూసి మనిషిని తూచే మనందరికీ ఇది గుర్తుండాలి. ఆయన పేరు మీద భారత ప్రభుత్వం 1995లో తపాలా బిళ్ళ వేసింది. ఆయన పుట్టినరోజు సంక్రాంతి సెలవుల ముందే వస్తుంది. ఆ వారంలో మన జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఒక పూట విద్యార్థులంతా తమ రక్తపు చుక్కకు లీష్మన్ రంగు వేసి, ఆ రెండు తమ్మెల కేంద్రకం ఉన్న ఎర్రగింజల కణాన్ని వెతికి పట్టుకుంటే ఎట్లా ఉంటుంది? ఖర్చు పెద్దగా కాదు. చూసినవాళ్ళు సెలవులకు ఇంటికి పోయి, దమ్ముతో బాధపడే తాతనో మేనత్తనో రక్తపరీక్షకు తీసుకుపోతే, ఆయనకు అంతకంటే మంచి జయంతి ఉండదు.